ఒకే దేహం, ఎందరో మనుషులు: జాఁ లూయీ బారో నటన

ఫ్రెంచి నటుడు జాఁ లూయీ బారో (1910–1994) నటన నేర్చింది పారిస్‌లోని అతెలియే థియేటర్లో, షార్ల్ దుల్లాఁ దగ్గర. అక్కడే ఎతియెన్ దెక్రూతో కలిసి మూకాభినయాన్ని సాధన చేశారు. ఆ పద్ధతిలో తల, మెడ, ఛాతీ, నడుము వేటికవే విడివిడిగా కదలాలి. ఒకటి కదులుతుంటే మిగతావి కుదురుగా ఉండాలి. లేని బరువును ఎత్తి చూపడానికి చేతులు మాత్రమే చాలవు. నిజంగా బరువుంటే మడమలు నేలకెలా బిగుస్తాయో, వెన్ను ఎటు వాలుతుందో అదంతా చెయ్యాలి. అప్పుడే బరువు కంటికి కనబడుతుంది.

1935లో ఫాక్‌నర్ నవల ఆధారంగా చేసిన ప్రదర్శనలో ఆయన గుర్రాన్ని లొంగదీసే మనిషి. వేదిక మీద గుర్రం లేదు. రౌతూ ఆయనే, గుర్రమూ ఆయనే. ఒకే ఒంట్లో రెండు ప్రాణులు పెనుగులాడాయి. నాటక సిద్ధాంతకర్త ఆంతొనాఁ ఆర్తో ఆ ఘట్టాన్ని మెచ్చుకుంటూ రాశాడు.

మార్సెల్ కార్నే తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ పారడైజ్' (1945)లో ఈ విద్యంతా ఒక్క సన్నివేశంలో చూడవచ్చు. గడియారం దొంగిలించిందని గరాన్స్ అనే యువతిని పట్టుకుంటారు. అసలు దొంగను చూసినవాడు మూకాభినేత బాప్తిస్త్, అంటే బారో వేసిన పాత్ర. అతను జరిగింది నోటితో చెప్పడు, ఆడి చూపిస్తాడు. పొట్ట ముందుకు తోసి గడియారం తీసి చూసుకుంటే లావుపాటి పెద్దమనిషి. నడుము తిప్పితే గరాన్స్. వేళ్లు మెల్లగా జారితే దొంగ. ముగ్గురికీ వేషం ఒకటే, మారేది ఒంటి బరువు నిలిచే చోటు. గుంపు నవ్వుతుంది, గరాన్స్ విడుదలవుతుంది. బాప్తిస్త్ తండ్రిగా వేసింది గురుతుల్యుడైన దెక్రూయే.

మాట దగ్గరా అదే క్రమశిక్షణ. 1943లో కొమెదీ ఫ్రాంసేజ్‌లో క్లోదెల్ రాసిన సుదీర్ఘ నాటకాన్ని రంగం మీదికి తెచ్చారు. 1946లో భార్య మద్లెన్ రెనోతో సొంత నాటక బృందం పెట్టి, హామ్లెట్‌గా నటించారు. దేహవిద్య మళ్లీ తెర మీద కనబడింది: 1959లో దర్శకుడు రెన్వార్ సినిమాలో గంభీరుడైన డాక్టర్ కోర్దెలియే, కుదుపుల నడకతో కర్ర ఊపే దుర్మార్గుడు ఓపాల్, ఇద్దరూ ఆయనే. నిటారైన వెన్ను ఒకరిది, వదులైన కీళ్లు మరొకరివి.

ఫ్రాన్స్‌లో 1968 విద్యార్థుల తిరుగుబాటు తర్వాత, పారిస్‌లోని ఓదెయోఁ థియేటర్లో ఆయన చేస్తున్న నిర్దేశక పదవి పోయింది. ఆయన మాత్రం ఆగలేదు. కుస్తీపోటీలు జరిగే హాల్లో రబెలే రచనల ఆధారంగా నాటకం ఆడించారు.

నటన నేర్చుకునేవారు గడియారం సన్నివేశాన్ని ఒకసారి కథ కోసం, మరోసారి ఆయన నడుమునూ పాదాలనూ గమనిస్తూ చూడాలి. బారోలోని బహుముఖ ప్రజ్ఞకు మూలం ఆ రెండోసారే తెలుస్తుంది.