శ్రీముఖలింగం: శాసనకాలం, నిర్మాణకాలం

కళింగపట్నం వద్ద సముద్రంలో కలిసే వంశధారకు ఎగువన, నది ఒడ్డునే శ్రీముఖలింగం ఉంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఏదన్న చర్చలో ఫ్లీట్ కళింగపట్నం వైపు మొగ్గగా, గిడుగు రామమూర్తి ఆలయశాసనాల ఆధారంగా ముఖలింగాన్ని ప్రతిపాదించారు. స్థలనిర్ణయానికి శాసనం చాలింది, కాలనిర్ణయానికి చాలదు. గోడ మీది దానశాసనం ఆ గోడ అప్పటికే ఉందని చెబుతుందే తప్ప, ఎప్పుడు లేచిందో చెప్పదు. మధుకేశ్వరాలయ శాసనాల్లో అధికభాగం 11వ శతాబ్ది, ఆ తర్వాతివి. ద్వారబంధాల లతాపని అంతకు పూర్వపుది.

సోమేశ్వరాలయానికి ముఖమండపమే లేదు. గర్భగృహం మీద రేఖాశిఖరం నేరుగా లేస్తుంది. ఈ నిర్మాణాలను ఒడిశా శైలికి ఒక శాఖగా మాత్రమే లెక్కించడమంటే, 1936లో గీసిన సరిహద్దును మధ్యయుగానికి అంటగట్టడమే. పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్న అనంతవర్మ చోడగంగు తొలుత ఏలింది ఈ కళింగనగరం నుంచే.