బాలగేయాలు: బాణీ చెప్పే చరిత్ర

పిల్లల పాటలో చరిత్ర వెతకడం మంచిపనే. అయితే లేని చరిత్రను పాటలో పాతిపెట్టి, మళ్లీ మనమే తవ్వితీసి చూపించడం విమర్శ అనిపించుకోదు. ఇంగ్లీషు బాలగేయాల విషయంలో జరుగుతున్నది చాలావరకు ఇదే. కాన్వెంటు చదువులతో ఆ పాటలు మన పల్లెలదాకా వచ్చాయి. వాటి వెంట కట్టుకథలూ వచ్చాయి.

'రింగ్ ఎ రింగ్ ఓ రోజెస్' 1665 నాటి లండన్ ప్లేగు పాట అని ఉపాధ్యాయులు సైతం నమ్ముతారు. దద్దుర్లు, తుమ్ములు, చావు అన్నీ అందులో ఉన్నాయట! ఆ పాట ఇంగ్లండులో అచ్చయింది 1881లో, కేట్ గ్రీనవే పుస్తకంలో. ప్లేగు వ్యాఖ్యానం ప్రచారమైంది రెండో ప్రపంచయుద్ధం తర్వాత. తుమ్ము ప్లేగుకు ముఖ్యలక్షణమూ కాదు.

'బా బా బ్లాక్ షీప్' కథ మనవాళ్లకు మరీ ప్రీతి. 1275లో మొదటి ఎడ్వర్డు ఉన్ని బస్తాకు అర మార్కు సుంకం వేశాడు, రైతు గోడే ఈ పాట అంటారు. సుంకం నిజం. కాని పాట అచ్చులో కనిపించేది 1744 ప్రాంతంలో. నాలుగు వందల డెబ్భై ఏళ్ల ఖాళీని ఆవేశంతో పూడ్చలేం. అసలు చూడవలసింది వేరే ఉంది. ఆ శతాబ్దంలోనే వచ్చిన 'మదర్ గూస్ మెలొడీ' పాఠంలో సందులోని కుర్రవాడికి ఉన్ని దక్కదు, ఏడుస్తూ ఉంటాడు. వాడికీ ఒక బస్తా ఇచ్చిన పాఠమే బడిలో నిలిచింది. వర్గదృష్టి ఉన్న విమర్శకుడికి పని ఇక్కడ ఉంది, ఎడ్వర్డు ఖజానాలో కాదు.

మాటలకన్నా బాణీ నమ్మకమైన సాక్షి. 'ట్వింకిల్ ట్వింకిల్' మాటలు జేన్ టేలర్ అనే యువతివి. 1806లో అక్క ఆన్‌తో కలిసి వేసిన పుస్తకంలో వచ్చాయి. పాట లోకమంతా తిరిగింది, ఆమె పేరు మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది. (ఆడవాళ్ల రచనలకు ఇది కొత్తేమీ కాదు.) బాణీ ఆమెది కాదు. అది 1761 నాటికే ఫ్రాన్సులో అచ్చయింది. తర్వాత ఒక పడుచు తన ప్రేమను తల్లికి చెప్పుకునే పాటగా వాడుకైంది. 1780ల మొదట్లో మొజార్టు దానిమీద పన్నెండు వైవిధ్యాలు కట్టాడు. రాజుల సభలకు వాయించినవాడు వీధిపాటను ఏరుకున్నాడు! 'బ్లాక్ షీప్'కూ దాదాపు ఆ బాణీయే. 1835లో బోస్టన్ ప్రచురణకర్త ఒకడు ఇంగ్లీషు అక్షరమాలను అదే వరసలో కూర్చి, హక్కులు తన పేర నమోదు చేయించుకున్నాడు.