విధియు హేతువును: ఒంటిమిట్ట కల్యాణము, ఇశ్రాయేలీయుల విశ్రాంతిదినము

ఒక మతవిధి ఎట్లు పుట్టినదని యడుగుట యొకటి. ఆ విధికి అర్థమేమని యడుగుట వేఱొకటి. ఈ రెండు ప్రశ్నలును తఱచుగా కలిసిపోవుచున్నవి. పుట్టుక తెలిసినచో అర్థమును తెలిసినట్లేయని కొందఱు చరిత్రకారులు తలంతురు. అర్థము నిత్యము గనుక పుట్టుకను విచారింప నక్కఱలేదని కొందఱు భక్తులు తలంతురు. ఈ రెండు అభిప్రాయములును చాలవని, ప్రాచీన ఇశ్రాయేలీయుల ధర్మవిధులలో నొకదానిని పరిశీలించి చూపుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఈ విచారమునకు మాకు దారి చూపినది కడప మండలమునందలి ఒంటిమిట్ట.

కడప నుండి రాజంపేటకు పోవు మార్గముననున్న ఈ గ్రామమున కోదండరామస్వామి ఆలయము కలదు. తక్కిన క్షేత్రములలో సీతారామకల్యాణము సాధారణముగా చైత్రశుద్ధ నవమినాడు పగటివేళ జరుగును. ఒంటిమిట్టలోనో, నవమి గడచిన పిదప, పున్నమి దరిదాపున, రాత్రి వెన్నెలలో జరుగును. ఇది విధి. దీనికి హేతువేమని యడిగినచో రెండు సమాధానములు వినవచ్చును. లక్ష్మియు చంద్రుడును పాలకడలి నుండి పుట్టిన తోబుట్టువులనియు, పగలు జరిగిన పెండ్లిని తాను చూడలేకపోతినని చంద్రుడు మొఱపెట్టుకొనగా స్వామి వరమిచ్చెననియు నొక కథ. విజయనగర ప్రభువులు చంద్రవంశజులు గనుక తమ వంశమూలపురుషుడు చూచునట్లు రాత్రి కల్యాణము జరిపించిరని మఱొక కథ.

విధి యొక్కటే, హేతువులు రెండు. మొదటిది ఇంటి ధర్మమునుండి వచ్చినది: ఆడపడుచు పెండ్లికి తోబుట్టువు రాకుండుట తెలుగింట వెలితి. రెండవది రాజధర్మమునుండి వచ్చినది. 2014లో రాష్ట్రము విభక్తమై భద్రాచలము తెలంగాణమున నిలిచిన పిదప, 2015 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒంటిమిట్ట కల్యాణమును తన అధికారోత్సవముగా జరుపుచున్నది. అనగా ఈ ఉత్సవమునకు మా కన్నులయెదుటనే మూడవ ప్రయోజనమొకటి చేరినది. అయినను వెన్నెల విధి మాఱలేదు. విధి నిలుచును, హేతువులు దానిచుట్టును చేరుచుండును అను సామాన్యసూత్రమును దీనినుండి గ్రహింపవచ్చును.

ఇక ఇశ్రాయేలీయుల గ్రంథమునకు వత్తము. పది ఆజ్ఞలు అందు రెండుచోట్ల కలవు: నిర్గమకాండము ఇరువదవ అధ్యాయమున నొకసారి, ద్వితీయోపదేశకాండము ఐదవ అధ్యాయమున మఱొకసారి. ఏడవ దినమున పని మానవలెనను విధి రెండింటను సమానమే. హేతువు మాత్రము వేఱు. నిర్గమకాండము సృష్టిని చెప్పును: దేవుడు ఆఱు దినములలో లోకమును చేసి ఏడవనాడు విశ్రమించెను గనుక ఆ దినము పవిత్రము. ద్వితీయోపదేశకాండము సృష్టిమాట యెత్తదు. మీరు ఐగుప్తులో దాసులై యుంటిరి, అది మఱవకుడని చెప్పును. నీ దాసుడును దాసియు నీవలెనే విశ్రమించుటకై అని ప్రయోజనమును విస్పష్టము చేయును.

ఇంతతో ముగియలేదు. నిర్గమకాండముననే ముప్పదినాల్గవ అధ్యాయమున ఈ విధి ఏ హేతువును లేక కనబడును: దున్నుకాలమునందును కోతకాలమునందును ఏడవనాడు పని మానవలెనని మాత్రమే అందున్నది. ఇరువదిమూడవ అధ్యాయమున ఎద్దు, గాడిద, దాసిపుత్రుడు, పరదేశి అలుపు తీర్చుకొనుటకై అని చిన్న కారణము చేరినది. అచట సృష్టియు లేదు, ఐగుప్తును లేదు. ఈ రెండు భాగములును సేద్యగాండ్ర బ్రదుకునకు దగ్గఱగా నున్నవి. ఇవి పది ఆజ్ఞల ప్రస్తుతపాఠముకంటె ప్రాచీనములని పలువురు పండితుల మతము. పౌర్వాపర్యము ఎట్లున్నను, ఒకే గ్రంథమున ఒకే విధి హేతువు లేకయు, భిన్నహేతువులతోను నిలిచియున్నదనుట నిర్వివాదము. కూర్చినవారు ఒకదానిని తీసి మఱొకదానిని నిలుపలేదు, అన్నిటిని ఉంచిరి.

పుట్టుకనుగూర్చి నవీనపండితులు చేసిన ఊహలలో నొకటి మనకు ఆసక్తి గొలుపును. అక్కదు భాషలో నెల పదునైదవ దినమునకు, అనగా పున్నమికి, షపత్తు అను పేరు కలదు. హీబ్రూ షబ్బాతు పదము దీనికి చుట్టమై యుండవచ్చునని కొందఱనిరి. ప్రవక్తల గ్రంథములలో అమావాస్యానంతరపు క్రొత్తనెల దినమును విశ్రాంతిదినమును జంటగా చెప్పుట ఇందుకు ఉపబలకముగా చూపిరి. అట్లైనచో ఒంటిమిట్టలోవలెనే ఇచటను మొదట చంద్రుడున్నాడనవలెను. కాని ఈ ఊహ సిద్ధాంతము కాలేదు. సిద్ధాంతమైనను దానివలన తేలునదెంత? చంద్రునితో లెక్కించిన దినము చంద్రుని గతితో సంబంధము వదలి, ఏడు దినముల కొకసారి వచ్చు సామాన్యదినమెట్లాయెనో, దాసుని విశ్రాంతికి గుర్తెట్లాయెనో పదవ్యుత్పత్తి చెప్పజాలదు. విత్తనమును చూపినంత మాత్రమున పంటను వివరించినట్లు కాదు.

హేతువుల విలువను నిర్ణయించుటకు మన మీమాంసకులు చేసిన విచారము మిక్కిలి ఉపకరించును. జైమిని సూత్రములందు మొదటి అధ్యాయపు రెండవ పాదమున హేతువన్నిగదాధికరణము కలదు. చేటతో హోమము చేయవలెనను విధివెంట, చేటవలననే గదా అన్నము సిద్ధమగునను వాక్యమున్నది. ఇది నిజమైన హేతువా, ప్రశంస మాత్రమా? నిజమైన హేతువే యైనచో అన్నసాధనములైన గరిటెయు కుండయు కూడ హోమసాధనములు కావలసివచ్చును. విధి తన హద్దు దాటిపోవును. కావున అది హేతువువలె కనబడు స్తుతియే, అర్థవాదమే యని సిద్ధాంతము.

ఈ గీటురాతిపై ఒంటిమిట్ట కథలను గీచి చూతము. చంద్రుని వరమును నిజహేతువుగా గొన్నచో లక్ష్మీదేవి పాల్గొను ప్రతి యుత్సవమును రాత్రియే జరుపవలసియుండును. అట్లు ఎవరును చేయుటలేదు. కనుక ఆ కథ అర్థవాదము. విధిని ప్రియము చేయునదే కాని పెంచునది కాదు. సృష్టికథను చెప్పు నిర్గమకాండహేతువును గూడ ఇట్లే స్తుతిగా గ్రహింపవచ్చును.

ద్వితీయోపదేశకాండపు హేతువు ఈ గీటురాతికి లొంగదు. మీమాంసకుడు ఏది జరుగునని శంకించెనో అదియే అచట జరిగినది: హేతువు విధి హద్దును దాటినది. మీరు ఐగుప్తులో దాసులై యుంటిరి అను మాట విశ్రాంతిదినముతో ఆగలేదు. పదునైదవ అధ్యాయమున, ఏడవయేట దాసుని విడిచిపెట్టునపుడు వట్టిచేతులతో పంపక, మందలోనుండియు కళ్లములోనుండియు గానుగలోనుండియు ఇచ్చి పంపవలెనను విధికి అదియే కారణము. ఇరువదినాల్గవ అధ్యాయమున పొలములో మఱచిన పన కొఱకు తిరిగి పోరాదు, ఒలీవపండ్లను ద్రాక్షలను రెండవసారి ఏరరాదు, అవి పరదేశికిని తండ్రిలేనివారికిని విధవలకును విడువవలెను అను విధులకును అదియే కారణము. పరిగె ఏఱుకొని బ్రదికిన కుటుంబములను ఎఱిగిన మెట్టసీమవారికి ఈ విధి బరువు వేఱుగ చెప్పనక్కఱలేదు.

కాబట్టి హేతువులు రెండు తెఱగులని మేము తలంచుచున్నాము. ఉన్న విధిని సమర్థించి ఊరకుండునవి కొన్ని. క్రొత్త విధులను కనునవి కొన్ని. 1953లో గెమ్సెర్ అను పండితుడు ఇశ్రాయేలీయ శాసనములకు హేతువాక్యములు చేరియుండుట వాని ముఖ్యలక్షణమని చూపెను. హేతువులు కలవనుటతో తృప్తి నొందక, వానిలో ఫలించునవి ఏవి, ఫలింపనివి ఏవి యని విడదీయవలెనని మేము చెప్పుట. ప్రాచీన ఇశ్రాయేలీయ ధర్మమునకు విశిష్టత దాని విధుల ప్రాచీనతలో లేదు. బాబిలోను హమ్మురాబి శాసనమున పొడిచిన ఎద్దునుగూర్చిన నియమము ఆ గ్రంథముకంటె ముందే కలదు. విశిష్టత ఒక జాతి తన దాస్యమును దాచుకొనక దానినే ధర్మమునకు మూలహేతువు చేసికొనుటలో కలదు. వంశగౌరవమును చెప్పు హేతువునకును, తాము పడిన అవమానమును చెప్పు హేతువునకును గల భేదమిది.

ఇచట అనువాదవిషయము ఒకటి విచార్యము. హీబ్రూ తోరా శబ్దమునకు బోధ, ఉపదేశము అని అర్థము. గ్రీకు అనువాదకులు దానిని నోమోస్, అనగా చట్టము, అనిరి. తెలుగు బైబిలున అది ధర్మశాస్త్రమైనది. శాస్ ధాతువునకు బోధించుట యను అర్థమును కలదు గనుక ఈ పదము తప్పని మేము అనము. కాని 13వ శతాబ్దిలో కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయముగా తెనిగించినది మొదలు, ధర్మశాస్త్రమనగా ఆచార వ్యవహార ప్రాయశ్చిత్తములుగా విభక్తమైన గ్రంథమని మన తలంపు. తోరాలో బలియు, పొడిచిన ఎద్దును, పరిగెయు, నిజమైన తూకమును పక్కపక్కనే యుండును. కథ వానిని కలుపును. ధర్మశాస్త్రమను పేరు విని చదువరి విధులను వెదకి కథను విడుచును, హేతువును కోల్పోవును. చిత్రమేమనగా, గ్రీకున రెండవ చట్టమను అర్థమిచ్చు ఐదవ కాండపు పేరును తెలుగువారు ద్వితీయోపదేశకాండము అనిరి. గ్రంథమంతటికి దొరకని సరియైన పదము ఈ యొక్క కాండమునకు దొరకినది. మా విచారమునకు ముఖ్యాధారమైనదియు ఆ కాండమే.

పరిశోధక విద్యార్థులు మన క్షేత్రాచారములను సేకరించునపుడు విధిని వ్రాసికొని, కథను మూఢవిశ్వాసమని పక్కకు నెట్టుట కలదు. కథను వ్రాసికొని విధిని మఱచుటయు కలదు. రెండును నష్టమే. ప్రతి విధికిని ఎన్ని హేతువులు చెప్పబడుచున్నవో, ఎవరు చెప్పుచున్నారో, అందేది మఱొక విధిని కన్నదో అడిగి వ్రాయవలెను. పుట్టుక యొక్కసారి జరుగును. అర్థమును మాత్రము తరతరమునకు ఎవరో యొకరు ఏర్పఱుపవలసియే యున్నది.