లెన్సు నుదుటి రాత

మదనపల్లె నుంచి బస్సులోనో, కుప్పం నుంచి రైల్లోనో బెంగళూరు వెళ్లి పాత లెన్సు బేరమాడే కుర్రవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ‘అన్నా, ఎంత దూరం లాగుతుంది?’ దుకాణం అతను 200 అనో 300 అనో చెబుతాడు. బేరం కుదిరిపోతుంది. ముందు అద్దం చుట్టూ సన్నని అక్షరాల్లో ఉన్న మిగతా రాత ఎవరూ చదవరు. అసలు అడగాల్సింది ‘ఎంత వెలుగు పట్టుకుంటుంది’ అని. దానికి జవాబు ఆ చదవని రాతలోనే ఉంది.

కొత్త కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే మామూలు లెన్సునే తీసుకోండి. దాని మీద 18–55 మి.మీ. అని, ఆ పక్కన 1:3.5–5.6 అని, ఇంకో చోట సున్నాకు అడ్డగీత కొట్టినట్టుండే గుర్తు, దాని వెంట 58 అని ఉంటాయి. మొదటిది నాభ్యంతరం. ఆ అంకె చిన్నదైతే హార్స్‌లీ హిల్స్ అంచున నిలబడి లోయనంతా ఒక్క ఫోటోలో ఇరికించవచ్చు. పెద్దదైతే లోయలోని ఒక్క చెట్టును దగ్గరికి తెచ్చుకోవచ్చు. చివరి 58ని చూసి ‘ఇది 58 ఎం.ఎం. లెన్సు’ అనుకునేవాళ్లు నిజంగానే ఉన్నారు. అది ముందు బిగించే ఫిల్టరు వ్యాసం. పోయిన మూత మళ్లీ కొనాలన్నా ఆ అంకే చెప్పాలి. అంతకు మించి దానితో పనిలేదు.

నడుమ ఉన్న 1:3.5–5.6 దగ్గర ఆగాలి. నాభ్యంతరాన్ని ఆ అంకెతో భాగిస్తే, వెలుగు లోపలికి వచ్చే రంధ్రం ఎంత వెడల్పు తెరుచుకోగలదో తెలుస్తుంది. 200 మి.మీ. లెన్సు మీద 5.6 ఉంటే ఆ వెడల్పు దాదాపు 36 మిల్లీమీటర్లు. అదే 2.8 ఉంటే 71. వెడల్పు రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది, కాబట్టి వెలుగూ నాలుగింతలు. అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. కొత్తవాళ్లు తలకిందులుగా అర్థం చేసుకునేది ఇక్కడే. రెండు అంకెల మధ్య గీత ఉందంటే, జూమ్ 18 దగ్గర ఉన్నప్పుడు 3.5, 55 దాకా లాగాక 5.6 అని. లాగేకొద్దీ చీకటి పడుతుందన్న మాట. దుకాణంలో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఈ అంకె ఊరికే రాలేదు. నిజాం కొలువులో దీన్‌దయాళ్ ఫోటోలు తీసిన రోజుల్లో లెన్సులు ఇత్తడి గొట్టాలు. గొట్టానికి ఒక సందు, అందులోంచి దూర్చడానికి రకరకాల కంతలున్న రేకులు. వెలుగు తగ్గించాలంటే చిన్న కంత రేకు మార్చేవారు. 1858లో జాన్ వాటర్‌హౌస్ చెప్పిన పద్ధతి అది. ఆ కంతలకు నంబర్లు ఎలా వేయాలన్న దానిపై చాలాకాలం తలా ఒక లెక్క నడిచింది. 1881లో బ్రిటన్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ వేరే వరుసను ప్రతిపాదించింది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల కొడాక్ కెమెరాల మీద కూడా అది కనిపిస్తుంది. చివరికి నిలిచింది 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అన్న వరుస. ఒక్కో మెట్టుకు వెలుగు సగమవుతుంది. ఏ కంపెనీ లెన్సయినా, ఏ దేశంలో చేసినా 5.6 అంటే అదే కొలత. లెన్సు మీద ఇంత నిజాయతీ గల అంకె ఇంకోటి లేదని నా అభిప్రాయం.

అక్షరాల సంగతి అలా కాదు. కేనన్ ఐ.ఎస్. అంటుంది, నికాన్ వి.ఆర్. అంటుంది, సోనీ ఓ.ఎస్.ఎస్., టామ్రాన్ వి.సి., సిగ్మా ఓ.ఎస్. అంటాయి. ఐదూ ఒకటే: చేతి వణుకును సర్దే ఏర్పాటు. రిషివ్యాలీ బండల మీద పసుపు గొంతు పికిలిపిట్ట కదలకుండా కూర్చుంటే ఆ ఏర్పాటు మీ చేతిని కాపాడుతుంది. పిట్ట ఎగిరితే మాత్రం అదేమీ చేయలేదు.

ఈ తేడా బాగా తెలియాల్సిన చోటు కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు మళ్లీ ఇటు వచ్చాయి. 1990లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అవి చేల వైపు కదిలేది ఎక్కువగా పొద్దుగూకాక. ఆ వెలుగులో 5.6 లెన్సు సెకనులో 60వ వంతు షట్టర్ అడిగితే, 2.8 లెన్సు 250వ వంతుతో సరిపెట్టుకుంటుంది. నడిచే ఏనుగు 60వ వంతులో చెదిరిపోతుంది. ఐ.ఎస్. ఉన్నా అంతే, ఎందుకంటే కదిలింది మీ చెయ్యి కాదు. అయితే 300 మి.మీ. 2.8 లెన్సు ధర లక్షల్లో ఉంటుంది. లేనివాళ్లు కెమెరాలో ఐ.ఎస్.ఓ. (వెలుగుకు స్పందించే స్థాయి) పెంచి, కాస్త గరుకు ఫోటోతో తృప్తిపడాలి. లెన్సు చాలలేదని ఏనుగుకు దగ్గరగా నడవడం మాత్రం వద్దు.

పుంగనూరు ఆవుది ఇంకో కథ. దాని ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో వీటికి మేత పెడుతున్న ఫోటోలు దేశమంతా చూసింది. పక్కన మనిషి ఉన్నాడు కాబట్టే ఆ పొట్టితనం కంటికి తెలిసింది. అదే ఆవును జూమ్ 18 దగ్గర పెట్టి, నిలబడి, మూతి దాకా వెళ్లి తీస్తే తల బానంత, కాళ్లు పుల్లల్లా వస్తాయి. తప్పు లెన్సుది కాదు, దూరానిది. 18 మిమ్మల్ని దగ్గరికి పిలుస్తుంది, అంతే. జాతి లక్షణం కనపడాలంటే నాలుగడుగులు వెనక్కి వెళ్లి, 55కో అంతకు పైకో లాగి, కెమెరాను ఆవు ఎత్తుకు దించి పక్క నుంచి తీయాలి. దూడ కనురెప్పలు దగ్గరగా కావాలంటే లెన్సు మీద 0.25 మీ. లాంటి అంకె వెతకండి. అంతకంటే దగ్గరైతే ఫోకస్ కుదరదు. ఆ పావు మీటరును లెన్సు కొస నుంచి కాక, కెమెరా పైన సున్నాకు అడ్డగీత ఉన్న చోటు నుంచి కొలవాలి. అక్కడే సెన్సార్ ఉంటుంది.

కల్యాణమండపాల్లో పనిచేసేవాళ్లకు నేను చెప్పేది 50 మి.మీ. 1.8 లెన్సు గురించే. తెల్లవారుజాము ముహూర్తంలో, 55కి లాగిన మామూలు లెన్సు కంటే అది దాదాపు పదింతల వెలుగు తెస్తుంది. చిన్న సెన్సార్ కెమెరా మీద అది 75, 80 మి.మీ.లా చూపిస్తుంది కాబట్టి ముఖాలకు బాగుంటుంది, గుంపు ఫోటోలకు ఇరుకవుతుంది.

పాత లెన్సు కొనేటప్పుడు బిగించే చోటు గుర్తులూ చూడాలి. కేనన్ ఈ.ఎఫ్.–ఎస్. లెన్సుకు తెల్ల చతురస్రం, ఈ.ఎఫ్.కు ఎర్ర చుక్క ఉంటాయి. చిన్న సెన్సార్ కోసం చేసిన ఆ తెల్ల చతురస్రం లెన్సు పెద్ద సెన్సార్ కేనన్‌కు నేరుగా బిగదు. నికాన్ చిన్న సెన్సార్ లెన్సు డి.ఎక్స్. బిగుస్తుంది గానీ, కెమెరా పెద్ద సెన్సార్‌లో మధ్య భాగమే వాడుకుంటుంది. ఆ తర్వాత ఫోన్ టార్చి వేసి, వెనక అద్దంలోంచి లోపలికి చూడండి. సన్నని దారాల్లా బూజు కనిపిస్తే, ముందు ఎంత గొప్ప అంకెలు రాసి ఉన్నా, ఎంత చవకైనా ఆ లెన్సు కొనకండి.