ఏకాక్షరి ‘మా’

రాత్రి భోజనానంతరము నిఘంటువు తెఱచి, వెదకవలసిన మాట యేదియు లేకయే పుటలు త్రిప్పుట నాకు చిరకాలముగా నున్న వ్యసనము. ఈ వారము నన్ను పట్టి నిలిపినది ‘మా’ యను చిన్న పదము.

సంస్కృతమున నిది ‘వలదు’ అను నిషేధము, లక్ష్మీదేవికి నామము, కొలచుట యను నర్థముగల ధాతువై మాత్రకును, మానమునకును, ప్రమాణమునకును తల్లి. వాల్మీకి నోట వెలువడిన తొలి శ్లోకమునకు మొదటి యక్షరము నిషేధార్థకమైన యీ ‘మా’యే, ఆదికావ్యమునకు బీజమైన వాక్యము శాపరూపమున నుండుట యమంగళమని తలచిన వ్యాఖ్యాతలు, దానిని తరువాతి సంబోధనతో సమాసము చేసి, ‘లక్ష్మికి నివాసమైనవాడా’ యను నర్థమును రాబట్టి, కిరాతునకు తగిలిన శాపమును శ్రీహరికి మంగళాశాసనముగా మార్చిరి. వ్యాకరణమునకు కొంత యూపిరాడకపోయినను, ఒక్క యక్షరముపై నింత భారము మోపిన యా సాహసమును నేను మెచ్చుకొనకుండ లేను.

గ్రీకుల నిషేధపదమైన ‘మే’ యీ సంస్కృతపదమునకు తోబుట్టువు. అరబ్బీలోను ‘మా’ వ్యతిరేకార్థమునే యిచ్చును గాని, దానికిని దీనికిని చుట్టరికము లేదు. ఇటలీవారి ‘మా’కు ‘కాని’ యని యర్థము. అది ‘అధికముగా’ అను నర్థముగల లాటిను ‘మాగిస్’ అరిగిపోగా మిగిలిన ముక్క. చీనాభాషలో స్వరము మార్చి పలికినచో నదియే తల్లియు, గుఱ్ఱమును, తిట్టును అగును.

ధ్వనిసామ్యమును చూచి వెంటనే వియ్యమందు పండితులకు మనలో కొఱతలేదు. వారు తెలుగు ‘మా’ను కూడ సంస్కృతమునకే అప్పగింతురు. ‘మా యిల్లు’ అనునప్పటి యీ పదము, వినువానిని గడప వెలుపలనే నిలుపును. వానిని లోనికి పిలువవలెనన్న ‘మన’ యనవలసినదే. కాని యీ ‘మా’కు పూర్వరూపము ‘ఎమ’. ప్రాచీనాంధ్రమునందలి ‘ఏము’, కన్నడమునందలి ‘ఎమ్మ’ దాని జ్ఞాతులు. మొదటి యచ్చు హల్లును దాటి, రెండవ యచ్చుతో కలిసి దీర్ఘమగుట తెలుగునకు పరిపాటి: తమిళుల ‘అవన్’ మనకు ‘వాడు’, వారి ‘ఉరల్’ మన ‘రోలు’. ఇన్ని మాటలు ఒకే త్రోవను నడచినప్పుడే నేను బంధుత్వమును నమ్ముదును. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు నాకీ క్రమశిక్షణను అలవరచినది.

తమిళమున ‘మా’ యనగా మామిడిచెట్టు. మన ‘మావి’ యా వంశములోనిదే. కాని ‘మా మావి’ యని మనమనునప్పుడు, ప్రక్కప్రక్కన నిలిచిన యా రెండు ‘మా’లకును బాంధవ్యము లేశమును లేదు.