ఏడమూక శబ్దము: బధిరుల ప్రజ్ఞాప్రశంస

అమరకోశమును కంఠస్థము చేసినవారికి బధిరవాచకములు రెండు చోట్లఁ గానవచ్చుట విదితమే. ద్వితీయకాండమున మనుష్యవర్గమునందు ఏడశబ్దము బధిరునకుఁ బర్యాయముగాఁ జెప్పఁబడినది. తృతీయకాండమున విశేష్యనిఘ్నవర్గమునందు ఏడమూకశబ్దము వేఱుగాఁ గలదు. పలుకుటయందును వినుటయందును శిక్షణము లేనివాఁడని దాని కర్థమును కోశకారుఁడే నిర్దేశించెను. ఈ రెండవస్థలము విచారింపఁదగినది. ఏలయన, ఆ పదమునకు వెంటనే ముందు జడాజ్ఞశబ్దములు పఠింపఁబడినవి. బాలుఁడు శ్లోకమును వల్లించుచు జడుని, అజ్ఞుని, ఏడమూకుని ఒక్క యూపిరిలో నుచ్చరించును; మువ్వురు నొక్కజాతివారే యని తలంచుటయుఁ గలదు. కాని కోశకారుఁడు ఏడమూకుని జడునకుఁ బర్యాయముగాఁ జెప్పలేదు. అతఁడు వాడినది అశిక్షితశబ్దము. శిక్షణ లేమి వేఱు, బుద్ధి లేమి వేఱు.

ఈ భేదమును మఱచుట కోశమున మొదలైనదని చెప్పరాదు. మనుస్మృతి నవమాధ్యాయము పుట్టుచెవిటివానిని దాయభాగమున కనర్హునిఁ జేసి, వానికిఁ బోషణమాత్రమును విధించినది. ఆ యనర్హతను 1928, 1956 సంవత్సరముల చట్టములు తొలఁగించినవి. చట్టము తొలఁగించినదానిని సామెత యింకను నిలుపుచున్నది. చెవిటివాని ముందర శంఖ మూఁదినట్లని మనము నిత్యము వాడుదుము. వ్యర్థత్వమును వినువానియందే యారోపింతుము. విచారింపఁగా దోష మూఁదువానిది. ఎదుటివాని కే యింద్రియము తోడ్పడునో యెఱుఁగక శంఖమును చేఁబూననేల? దీపమును, చేతిసన్నను ఆశ్రయింపరాదా?

ఇఁక నేఁటి ప్రశంసావాక్యములను బరీక్షింతము. హైదరాబాదు యువకుఁడు ధనుష్ శ్రీకాంత్ 2022 మే నెలలో బ్రెజిలు దేశమున జరిగిన బధిర ఒలింపిక్ క్రీడలలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీయందు స్వర్ణపతకమును, ప్రియేషా దేశ్‌ముఖ్‌తోఁ గూడి మిశ్రజట్టు పోటీయందు మఱియొక స్వర్ణమును గెలిచెను. 2023లో జర్మనీలోని సూల్ నగరమున జూనియర్ ప్రపంచకప్పు పోటీలలో వినఁగలవారితోనే తలపడి స్వర్ణము నందెను. 2025 నవంబరున టోక్యో బధిర ఒలింపిక్కులలో మరల స్వర్ణమును సాధించెను. కర్నూలునకుఁ జెందిన షేక్ జాఫ్రీన్ 2022 నాఁటి క్రీడలలోనే పృథ్వీ శేఖర్‌తోఁ గూడి టెన్నిసు మిశ్రద్వంద్వమునఁ గాంస్యమును గెలిచెను. ఈ క్రీడలు 1924లో పారిసు నగరమున మొదలైనవి. 1960లో నారంభమైన పారాలింపిక్కులకంటెఁ బెద్దవి. మేలైన చెవియందుఁ గనీసము 55 డెసిబెల్లుల శ్రవణలోప మున్నవారికే యిందుఁ బ్రవేశము. పోటీవేళ శ్రవణయంత్రములను దీసివేయవలెను.

ఇట్టి విజయములను వర్ణించువారు తఱచుగా ‘బధిరుఁడయ్యును గెలిచెను’ అని వ్రాయుదురు. ఇందలి ‘అయ్యును’ అనుదానిని శోధింపవలెను. ప్రతిబంధక ముండియుఁ గార్యము పుట్టుటను అప్పయ్యదీక్షితులు కువలయానందమున విభావనాభేదములలో మూఁడవదిగాఁ జెప్పిరి. పై వాక్యమున కవి కోరునది యదియే. కాని గుఱి చూచుటకు వలయునవి కన్ను, చేయి, ఊపిరిమీఁది యధికారము, చిత్తైకాగ్రత. వీనిలో దేనికిని చెవుడు ప్రతిబంధకము కాదు. ప్రతిబంధకమే లేనిచోట విభావన పొసఁగదు. పొగడ్తగాఁ గానవచ్చు నీ వాక్యము, చెవిటివాఁ డోడుటయే సహజమని లోలోన నంగీకరించుచున్నది. ప్రశంస రూపమున వెనుకటి జడశబ్దమే మరలివచ్చినది.

చెవుటిని జెప్పకున్న నతని శ్రమ మఱుఁగుపడునుగదా యని యాక్షేపింపవచ్చును. సత్యమే, చెప్పవలసినదే. అయితే ప్రతిబంధకమును దాని నిజస్థానమునఁ జూపవలెను. అది గుఱియందు లేదు. శబ్దముచే నీయఁబడు సంజ్ఞయందును, నోటిమాటతోనే సాగు బోధనయందును, సన్నభాష యెఱుఁగని గురువునందును గలదు. వానిని పేర్కొని, పిదప విజయమును ఉన్నదున్నట్లు వర్ణించినచో నది స్వభావోక్తి. ప్రజ్ఞావంతున కదియే తగిన గౌరవము.

ఆసిఫాబాదు సీమ పండితుల కీ విషయమున దృష్టాంతము దూరమునఁ బోయి వెదకఁబనిలేదు. తెలుఁగు, మరాఠీ, ఉర్దూ, గోండీ, కొలామీ భాషలు కలసిన యీ నేలలో, గురువుభాష రాని బాలుఁడు మౌనముగాఁ గూర్చుండుట క్రొత్త గాదు. 1943లో మార్లవాయి గ్రామమున హైమన్‌డార్ఫ్ ప్రోత్సాహముతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్ర మేర్పడినది. గోండీ వాచకములు సిద్ధమైనవి. బుద్ధి యున్నను భాష యందనివారికి వారి భాషయందే చదువు చెప్పవలెనను న్యాయమే యిందలి మూలము. బధిరునకు సన్నభాషయు నట్టిదే. అది వ్యాకరణము గల పూర్ణభాష యని విలియం స్టోకో 1960లో అమెరికా సన్నభాష విషయమున నిరూపించెను. భారతీయ సన్నభాషకు 2018లో 3,000 పదములతో వెలువడిన నిఘంటువు 2021 నాఁటికి 10,000 పదములకుఁ బెరిగినది. దానిని నేర్చిన యుపాధ్యాయుఁడు లేనిచోట నిఘంటువు పెట్టెలోని దీపము వంటిది.

కావున శ్లోకమును పాఠము చెప్పువారు జడశబ్దముకడ నొకింత యాఁగి, అశిక్షితశబ్దమునకు వేఱుగా నర్థము చెప్పుదురుగాక. పతకములు పొందినవారిని పొగడుట సులభము. వెనుకబల్లమీఁద మొద్దని పేరుపడి కూర్చున్న చెవిటి బాలునియందు అశిక్షితుని మాత్రమే చూచి, శిక్షణమునకుఁ బూనుకొనుటయే కష్టము. ఆ పని జరుగనిచోట పతకములకుఁ జేయు స్తుతి యంతయు శంఖ మూఁదుటయే యగును.