దిగువ ఊరి నుంచి ముందుమాట

మా వేమూరు కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉంది. ఎగువన కాలవలో ఎవరేం కలిపినా ఆ నీళ్లు మా పొలాలకే వస్తాయి. అందుకే ఫ్యాక్టరీల బాధ్యత మీద పుస్తకం రాశానంటూ మా ఊరి కుర్రవాడు వచ్చినప్పుడు, "ఎన్ని బడులకు సున్నాలు కొట్టించారో రాశావా నాయనా?" అన్నాను. "లేదు తాతగారూ, మిల్లు నీళ్లు ఏమవుతాయో రాశాను" అన్నాడు. ఆ జవాబు నచ్చి కలం పట్టాను.

2013 కంపెనీల చట్టం పెద్ద సంస్థలను మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టమంది. మంచిదే. కానీ అది లాభం వచ్చాక పంచే సొమ్ము. నీరూ గాలీ పాడయ్యేది లాభం రాకముందే. ఇతను పట్టుకున్నది ఆ ముందు భాగాన్ని.

పుస్తకంలో కండ ఉన్నదంతా గోదావరి ఒడ్డున, సారపాకలో ఉన్న ఐటీసీ భద్రాచలం కాగితపు మిల్లు కథలో ఉంది. పరిశ్రమలు కర్ర కోసం అడవి మీద పడకుండా రైతుల దగ్గర సమకూర్చుకోవాలని 1988 అటవీ విధానం చెప్పింది. మరుసటేడే ఆ మిల్లు మేలైన జామాయిల్ చెట్లను ఎంచి, వాటి కొమ్మ ముక్కలకు వేళ్లు పట్టించే పని మొదలుపెట్టింది. భద్రాచలం క్లోన్లుగా పేరుపడ్డ ఆ మొక్కలు ఖమ్మం రైతుల చేలకెక్కాయి. కర్రను సోడాతో ఉడికించాక మిగిలే నల్లటి ద్రవాన్ని ఏట్లోకి వదలకుండా చిక్కబరిచి బాయిలర్లో మండిస్తారు. ఆవిరి వస్తుంది, సోడా తిరిగి చేతికొస్తుంది. గుజ్జును తెల్లబరచడానికి క్లోరిన్ వాయువు వాడితే విషపు అవశేషాలు పుడతాయి. 2002లో ఆ వాయువును మానేసి క్లోరిన్ డయాక్సైడుకు మారారు. ఈ మూడు పనులనూ కూలివాడికి కూడా అర్థమయ్యేలా చెప్పాడు. ఆ ప్రకరణానికి నూటికి నూరు మార్కులు వేస్తాను.

మిగతా చోట్ల కోత తప్పదు. జామాయిల్ నేలలో తేమ లాగేస్తుందన్న రైతు ఫిర్యాదును రెండు పేరాల్లో దాటేశాడు. ఐటీసీ కంపెనీ సిగరెట్ల మీద ఎదిగిందన్న సంగతికి ఒక్క వాక్యమే దక్కింది. పొగాకు ఫ్యాక్టరీ ఉన్న చీరాల మన జిల్లాలోనే ఉంది కదా, వెళ్లి నాలుగు రోజులు కూర్చోవలసింది. మలి ముద్రణలో ఆ రెండూ పెంచమని అతనికి చెప్పాను.

తెనాలి చుట్టుపక్కల బియ్యం మిల్లుల యజమానులకు ఒక మనవి. ఈ పుస్తకం కొని బీరువాలో పెట్టకండి. సారపాక ప్రకరణాన్ని మీ మేనేజర్ల చేత చదివించి, మీ మిల్లు ఊక బూడిద, వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో ఒక కాగితం మీద రాయించండి.